నాన్నగారి పాత డెస్క్‌టాప్‌కి నెట్ రావట్లేదు, కేబుల్ పెట్టినా డాంగిల్ పెట్టినా అంతే

గూటిపిట్ట
మూడు వారాలుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను. దయచేసి ఓపిగ్గా చదవండి, కొంచెం పెద్దదే.

2010లో కొన్న డెస్క్‌టాప్. డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 7. ఏడెనిమిదేళ్ళుగా దానికి నెట్ లేదు. నాన్నగారు అందులో టైపు చేసుకుంటారు, ప్రింట్ తీసుకుంటారు, అంతే. ఆన్ చేయగానే నల్ల తెర మీద ఏదో వస్తుంది, ఎఫ్1 నొక్కితే విండోస్‌లోకి వెళ్తుంది. అది తప్ప మెషిన్ బాగానే నడుస్తోంది. ఇప్పుడు ఆయనకి పేపర్లు పెద్ద తెర మీద చదవాలని, బాబాయికి మెయిల్ రాయాలని ఉంది. ఫోన్‌లో అక్షరాలు కనబడక ఇబ్బంది పడుతున్నారు.

మొదట యూఎస్‌బీ వైఫై డాంగిల్ తెచ్చాను. దాంతో పాటు ఒక బుల్లి సీడీ ఇచ్చారు. మా సీపీయూలో సీడీ ట్రే ఎప్పుడో బిగుసుకుపోయింది, తెరుచుకోదు. డబ్బా మీద చూస్తే డ్రైవరు (డాంగిల్‌ని విండోస్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) వెబ్‌సైట్ నుంచి దించుకోమని ఉంది. ఆ నెట్ కోసమే కదా ఈ తిప్పలన్నీ.

తర్వాత పొడవాటి లాన్ కేబుల్ తెచ్చి హాల్లో ఉన్న రౌటర్ నుంచి గదిలోకి లాగాను. కింద మూల ఉండే గుర్తు మీద పసుపు త్రికోణం, 'గుర్తించని నెట్‌వర్క్' అని. రిపేరుకి వచ్చినతను రెండు నిమిషాలు చూసి, "ఇంకా దీన్ని పట్టుకుని వేలాడుతున్నారా, తీసి పారేయండి" అన్నాడు. నాన్నగారు పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు కానీ ఆ రోజంతా ఆ గదిలోకే వెళ్ళలేదు. నాకు ఎలాగైనా దీనికి నెట్ తెప్పించాలని ఉంది.

బిట్టు_బైటు
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. డాంగిల్ వాళ్ళందరిదీ ఇదే కథ :)

వైరురాజు
డాంగిల్ సంగతి తర్వాత. ముందు కేబుల్‌తో తేల్చుకోండి. రెండు ప్రశ్నలు. సీపీయూ వెనక కేబుల్ పెట్టే చోట చిన్న లైట్లు వెలుగుతున్నాయా? స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ అని టైపు చేస్తే ఐపీవీ4 అడ్రస్ అని ఒక నంబరు వస్తుంది. అదేంటో ఇక్కడ పెట్టండి. ఆ నంబరు తెలియకుండా ఎవరేం చెప్పినా ఊహే.

కొత్తదే_మేలు
రిపేరు చేసేవాడు చెప్పిన తీరు తప్పే, మాట మాత్రం తప్పు కాదు. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆగిపోయింది. క్రోమ్ 109 తర్వాత దాని మీద కొత్త వెర్షన్ ఎక్కదు. 2 జీబీ ర్యామ్‌తో ఇవాళ్టి వెబ్‌సైట్లు రెండు తెరిస్తే మూడోదానికి ఊపిరి ఆడదు. పెద్దాయన ప్రశాంతంగా చదువుకోవాలంటే ఒక చిన్న కొత్త మెషిన్ పెట్టండి.

గూటిపిట్ట
@కొత్తదే_మేలు, కొనలేక కాదండీ. ఆయన పదిహేనేళ్ళుగా రాసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. యూనికోడ్ రాకముందు వాడిన పాత తెలుగు ఫాంటులో టైపు చేశారు. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. పైగా ఆ కీబోర్డు మీద ఆయన వేళ్ళు చూడకుండా నడుస్తాయి. కొత్తది పెడితే మొదట్నుంచి నేర్చుకోవాలి.

@వైరురాజు, లైట్లు వెలుగుతున్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నారింజ, నారింజది మినుకుమంటోంది. నంబరు 169.254.83.12 అని వచ్చింది.

వైరురాజు
169.254తో మొదలైందంటే మీ కంప్యూటర్ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడిగింది, ఎవరి నుంచీ జవాబు అందలేదు, చివరికి తనకి తానే ఒక నంబరు పెట్టేసుకుంది. దాంతో నెట్ రాదు. సరిగ్గా అందితే చాలా ఇళ్ళ రౌటర్లలో 192.168తో మొదలయ్యేది వస్తుంది.

లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి లాన్ కార్డు బతికే ఉన్నట్టుంది. రౌటర్‌లో వేరే రంధ్రానికి మార్చి చూడండి. నీలం రంగుదో, వాన్ అని రాసి ఉన్నదో వద్దు, అది బయటి నుంచి వచ్చే లైనుకి. లాన్ 1, 2, 3 అని ఉన్నవాటిలో పెట్టండి. దొరికితే ఇంకో కేబుల్ కూడా పెట్టి చూడండి. లోపల ఎనిమిది తీగలు ఉంటాయి, 100 ఎంబీపీఎస్ వేగానికి అందులో 1, 2, 3, 6 నంబర్లవి నాలుగే చాలు. కానీ ఆ నాలుగింటిలో ఒకటి సరిగ్గా తగలకపోయినా గోలే.

నీలిదీపం
నాదీ ఇంచుమించు ఇదే, కాకపోతే ఇంకా పాతది, విండోస్ ఎక్స్‌పీ. ఇక్కడే అడగొచ్చా, వేరే చర్చ తెరవాలా?

సులోచన_ఆర్
ఒక్క నిమిషం, అందరూ ఆగండి. గూటిపిట్ట గారూ, ఆ పదిహేనేళ్ళ రాతలకి ఇంకో కాపీ ఉందా? ఆ హార్డ్ డిస్క్ వయసు 2010 నుంచి లెక్కేసుకోండి. నేను పన్నెండేళ్ళు స్కూల్ కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నాను. "నిన్నటిదాకా బాగానే నడిచింది మేడమ్" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. సీపీయూ మూత విప్పినప్పుడో, అటూ ఇటూ జరిపినప్పుడో పాత డిస్కులు మొరాయిస్తాయి. కేబుల్ పక్కన పెట్టి ముందు ఒక పెన్‌డ్రైవ్ తీసుకోండి. ఫైళ్ళతో పాటు ఆ ఫాంటు ఫైళ్ళు కూడా కాపీ చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫాంట్స్ అనే చోట ఉంటాయి. ఫాంటు లేకుండా ఫైళ్ళు ఉన్నా చదవలేరు. టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ ఎక్కడైనా దొరికితే అది కూడా.

రెండు చోట్ల పెట్టండి. ఒకే పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు.

గూటిపిట్ట
సులోచన గారూ, మీ మాట చదివాక భయమేసి వెంటనే కూర్చున్నాను. మొత్తం 340 ఫైళ్ళు, కలిపి 60 ఎంబీ కూడా లేవు. ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్ళు ఎవరూ కాపీ చేయలేదు. రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టాను, నా ల్యాప్‌టాప్‌లో ఇంకోటి. ఫాంట్లు కూడా తీసుకున్నాను.

ఒక విచిత్రం. అన్ని ఫైళ్ళ తేదీ 1 జనవరి 2010 అనే ఉంది. కాపీ చేయడంలో నేనేమైనా తప్పు చేశానా?

రౌటర్‌లో మూడు రంధ్రాలూ మార్చి చూశాను. పక్కింటివాళ్ళ కేబుల్ తెచ్చి పెట్టాను. అదే 169.254. అదే కేబుల్ నా ల్యాప్‌టాప్‌కి పెడితే క్షణంలో నెట్ వచ్చింది.

వైరురాజు
అయితే కేబుల్ బాగుంది, రౌటర్ బాగుంది. లోపం సీపీయూలోనే. ఇక లాన్ కార్డు పోయిందా, విండోస్‌లో ఏదైనా అడ్డుపడుతోందా అన్నది తేలాలి.

రాత్రిపక్షి
అది తేల్చడానికి తేలిక దారి ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో సీపీయూకి కలపండి. ఉత్త చార్జింగ్ వైరు కాకుండా డేటా వెళ్ళే వైరు అయి ఉండాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర 'యూఎస్‌బీ టెదరింగ్' ఆన్ చేయండి. విండోస్ 7 దాన్ని ఇంకో లాన్ కార్డులా చూస్తుంది. మామూలుగా డ్రైవరు తనే వేసుకుంటుంది. వేసుకోకపోతే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న దాని మీద కుడి క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, జాబితా నుంచి ఎంచుకుంటాను అనేది నొక్కి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో మైక్రోసాఫ్ట్ కింద 'రిమోట్ ఎన్‌డీఐఎస్' అని ఉన్నది పెట్టండి.

చాలా ఫోన్లలో ఫోన్ వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫై నెట్టే కంప్యూటర్‌కి వెళ్తుంది, సిమ్ డేటా ఖర్చవదు. అంటే మీ ఫోనే డాంగిల్ అయిపోతుంది.

బిట్టు_బైటు
ఈ ముక్క నాకు ముందే తెలిస్తే బాగుండేది. డాంగిల్ డ్రైవరు కోసం అర్ధరాత్రి స్నేహితుణ్ణి లేపాను ఒకసారి.

గూటిపిట్ట
టెదరింగ్ పెట్టాను. డ్రైవరు తనే వేసుకుంది. సంబరపడేలోపు మళ్ళీ అదే పసుపు త్రికోణం. ఐపీకాన్ఫిగ్‌లో ఈసారి 169.254.17.140. నాకు ఏడుపొక్కటే తక్కువ.

వైరురాజు
ఏడవకండి, ఇది మంచి కబురు. దారి వేరు, కార్డు వేరు, కేబుల్ వేరు, అవతల అడ్రస్ ఇచ్చేది కూడా వేరు. అయినా జబ్బు ఒకటే. అంటే లాన్ కార్డు పోలేదు. రెండు దారులకీ మధ్యలో విండోస్ లోపల ఒక తలుపు మూసి ఉంది.

కొత్తదే_మేలు
కమాండ్ విండోని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్, నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్ (నెట్ సెట్టింగ్స్‌ని మొదటికి తెచ్చేవి) కొట్టి రీస్టార్ట్ చేయండి. సగం కేసులు దీంతో పోతాయి.

వైరురాజు
@కొత్తదే_మేలు, అది చివర్లో చేద్దాం. ముందు సర్వీసెస్‌లో 'డీహెచ్‌సీపీ క్లయింట్' నడుస్తోందో లేదో చూడాలి. అది ఆగి ఉంటే ఎన్ని రీసెట్లు కొట్టినా అడ్రస్ అడిగే మనిషే లేడు. ఇంకో అనుమానం కూడా ఉంది. గూటిపిట్ట గారూ, అందులో పాత యాంటీవైరస్ ఏదైనా ఉందా?

గూటిపిట్ట
సర్వీస్ నడుస్తోంది, 'స్టార్టెడ్' అని ఉంది. యాంటీవైరస్ ఉంది. కంప్యూటర్ కొన్నప్పుడు దుకాణం వాళ్ళే వేసిచ్చారు. 2013 తర్వాత డబ్బు కట్టలేదు. మూల గుర్తు కూడా కనిపించదు కాబట్టి పోయిందనే అనుకున్నాం.

వైరురాజు
గుర్తు పోయినా కాపలా పోదు. ఫైర్‌వాల్ కూడా కలిపి అమ్మిన యాంటీవైరస్ అయితే, ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ తన చిన్న వడపోత ఒకటి తగిలిస్తుంది. లోపలికి వచ్చే ప్రతి ముక్కా దాని గుండా రావాల్సిందే. పైన ఉన్న ప్రోగ్రాం పాడైనా కింద వడపోత మిగిలి, రౌటర్ ఇచ్చే జవాబుని కూడా ఆపేస్తుంది.

కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, ఎడమ పక్క 'చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్'. లోకల్ ఏరియా కనెక్షన్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్. అక్కడ ఒక జాబితా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ క్లయింట్, ఫైల్ షేరింగ్, ఐపీవీ4, ఐపీవీ6, ఇలా. అందులో ఆ యాంటీవైరస్ పేరుతో ఏదైనా ఉంటే టిక్ తీసేసి ఓకే కొట్టండి. ఇది పరీక్ష కోసమే. పని చేస్తే తర్వాత దాన్ని పూర్తిగా తీసేద్దాం.

గూటిపిట్ట
192.168.1.7
192.168.1.7 వచ్చింది!!

త్రికోణం పోయింది. టిక్ తీసి ఓకే కొట్టిన మూడు సెకన్లకి. వైరురాజు గారూ, మీకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

బిట్టు_బైటు
ఒక్క టిక్కు. మూడు వారాలు.

సులోచన_ఆర్
ఎంత సంతోషంగా ఉందో. ల్యాబ్‌లో ఒక వరుస మొత్తం ఇలాగే ఆగిపోతే మేం విండోస్ అంతా మళ్ళీ వేశాం అప్పట్లో. ఈ జాబితా చూడాలని ఎవరూ చెప్పలేదు.

గూటిపిట్ట
తొందరపడ్డాను. నెట్ వచ్చింది కానీ ఏ సైటూ తెరుచుకోవట్లేదు. ఏది కొట్టినా 'ఈ వెబ్‌సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్‌లో సమస్య ఉంది' అని ఎర్ర గుర్తు. నల్ల కిటికీలో పింగ్ 8.8.8.8 (అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసేది) కొడితే జవాబులు వస్తున్నాయి. సైటు పేరు పెట్టి పింగ్ కొట్టినా వస్తున్నాయి. ఇప్పుడిదేంటి?

కొత్తదే_మేలు
నేను మొదట్లో చెప్పింది ఇదే. పాత బ్రౌజర్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 అయి ఉంటుంది. ఇప్పటి సైట్లు టీఎల్ఎస్ (సైటుకీ బ్రౌజర్‌కీ మధ్య మాటలకి తాళం వేసే పద్ధతి) 1.2 అడుగుతాయి, 1.0నీ 1.1నీ పెద్ద బ్రౌజర్లన్నీ 2020లోనే వదిలేశాయి.

తాళంచెవి
@కొత్తదే_మేలు, అది కూడా ఉండొచ్చు. కానీ ఆవిడ రాసిన మాట చూడండి. టీఎల్ఎస్ కుదరకపోతే పేజీ అసలు కనబడదు, కనెక్షన్ కుదరలేదు అంటుంది. సర్టిఫికెట్‌లో సమస్య అంటే వేరే. సర్టిఫికెట్ అంటే సైటు గుర్తింపు పత్రం, దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని గడువు ఉంటుంది. కంప్యూటర్ తన గడియారంతో పోల్చి చూస్తుంది.

గూటిపిట్ట గారూ, మీ మొదటి పోస్టులో 'ఎఫ్1 నొక్కితే లోపలికి వెళ్తుంది' అన్నారు. తర్వాత అన్ని ఫైళ్ళ తేదీ 1 జనవరి 2010 అన్నారు. ఇప్పుడు మూల ఉన్న గడియారంలో తేదీ ఎంతో చూడండి.

గూటిపిట్ట
1 జనవరి 2010.

వైరురాజు
అదీ సంగతి. నేను ఆ ఎఫ్1 ముక్క దాటేసి చదివాను. తాళంచెవి గారు బాగా పట్టారు.

తాళంచెవి
మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. సీఆర్2032, 3 వోల్టులు. కరెంటు పూర్తిగా తీసేసినప్పుడు గడియారం నడిచేది, బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగ్స్ గుర్తుండేది దానితోనే. అది అయిపోతే గోడ స్విచ్ ఆపిన ప్రతిసారీ కంప్యూటర్ తన పుట్టినరోజుకి వెళ్ళిపోతుంది. ఆ నల్ల తెర మీద వచ్చేది 'సెట్టింగ్స్ పోయాయి, ఎఫ్1 నొక్కి ముందుకు వెళ్ళండి' అన్న మాటే. 2010లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కి ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివి. అందుకే నమ్మదు.

ముందు చేత్తో తేదీ సరిచేసి సైటు తెరిచి చూడండి. 'ఇంటర్నెట్ టైమ్'తో తనే సర్దుకుంటుందని వదిలేయొద్దు. తేడా 15 గంటలు దాటితే విండోస్ దాన్ని ఒప్పుకోదు.

గూటిపిట్ట
తేదీ మార్చాను. చాలా సైట్లు తెరుచుకున్నాయి! కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నాన్నగారిని అడిగాను, రోజూ రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపుతారా అని. "ఎప్పుడూ ఆపుతాను, నిప్పు భయం" అన్నారు. అంటే ఇన్నేళ్ళుగా ఆయన ప్రతి ఉదయం 1 జనవరి 2010లోనే కూర్చుని రాస్తున్నారు. అందుకేనేమో, ప్రతి ఫైలు మొదటి వరసలో తేదీ, వారం స్వయంగా టైపు చేసుకున్నారు. కంప్యూటర్ తేదీ నమ్మకూడదని ఆయనకి ఎప్పుడో తెలుసు. మాకెవరికీ చెప్పలేదు, మేం అడగలేదు.

సులోచన_ఆర్
ఆ మొదటి వరస లేకపోతే 340 ఫైళ్ళు ఏది ముందో ఏది వెనకో ఎవరికీ తెలిసేది కాదు. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

నీలిదీపం
బ్యాటరీ మార్చడం మనమే చేసుకోగలమా? భయంగా ఉంటుంది మూత విప్పాలంటే.

వైరురాజు
చేసుకోవచ్చు. పవర్ వైరు పూర్తిగా పీకేయండి, తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. మూత తీసి, సీపీయూ ఇనప చట్రాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని మొదలుపెట్టండి. బ్యాటరీ పక్కన చిన్న క్లిప్పు ఉంటుంది, దాన్ని అటు నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. పాత బ్యాటరీ చిన్నపిల్లల చేతికి అందనీయొద్దు, మింగితే చాలా ప్రమాదం.

ఆన్ చేశాక బయాస్‌లోకి వెళ్ళి తేదీ, సమయం పెట్టి సేవ్ చేయండి. సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే తీరు) అని కనిపిస్తే దాన్ని కదపొద్దు. మారిస్తే విండోస్ 7 నీలి తెర చూపించి ఆగిపోతుంది. ఇప్పుడు ఎలా నడుస్తోందో అలాగే ఉంచండి.

తాళంచెవి
ఇంకా ఎర్రగా ఉన్న సైట్ల సంగతి. సర్టిఫికెట్లకి పైన రూట్ (మూల) సర్టిఫికెట్లని ఉంటాయి, కంప్యూటర్ నమ్మేది వాటిని. చాలా సైట్లు ఆధారపడ్డ అలాంటి పాతది ఒకటి 2021 సెప్టెంబర్ 30న గడువు తీరింది. అప్‌డేట్లు లేని విండోస్ దగ్గర దాని తర్వాతివి లేకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తనే తెచ్చుకుంటుంది, విండోస్ మీద ఆధారపడదు. విండోస్ 7 మీద నడిచే చివరిది ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్. ల్యాప్‌టాప్‌లో 32 బిట్‌ది, పూర్తి ఇన్‌స్టాలర్ దించి పెన్‌డ్రైవ్‌తో తీసుకెళ్ళండి. మొజిల్లా సొంత సైటు నుంచే తీసుకోండి, మధ్యలో వచ్చే 'ఉచిత డౌన్‌లోడ్' సైట్ల నుంచి వద్దు.

కొత్తదే_మేలు
సరే, తెరుచుకుంటుంది. కానీ ఇది క్షేమమా? 2017 మే నెలలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వచ్చినప్పుడు దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 మెషిన్లే. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. ఇక్కడ అందరూ నెట్ వచ్చిందని చప్పట్లు కొడుతున్నారు, ఆ తర్వాత సంగతి ఎవరూ మాట్లాడట్లేదు.

తాళంచెవి
మీ ఆందోళన న్యాయమైనదే, నేనూ అదే చెప్పబోతున్నాను. కాకపోతే వనాక్రై విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ కన్నాన్ని మూసే ప్యాచ్ రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. ఈ మెషిన్ ఏడెనిమిదేళ్ళుగా నెట్‌లో లేదంటే అది దీనిలో లేకపోవచ్చు. నా మాట ఇది: ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ ఆపేయాలి. విండోస్ సొంత ఫైర్‌వాల్ ఆన్ చేయాలి. నాన్నగారికి అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు ఖాతా ఇవ్వాలి. ఆ మెషిన్‌లో బ్యాంకు పని ఎప్పుడూ చేయకూడదు. మెయిల్ కూడా కొత్తగా ఒకటి తెరిచి, బ్యాంకుకి ముడిపడని దాన్నే వాడాలి.

రాత్రిపక్షి
ఇవన్నీ కట్టుగుడ్డలే. అసలు మందు లైనక్స్, అంటే విండోస్‌కి బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టం. కోపం తెచ్చుకోకండి, నిజంగానే చెప్తున్నాను. 2010 నాటి డ్యూయల్ కోర్ అంటే ప్రాసెసర్ దాదాపుగా 64 బిట్‌దే అయి ఉంటుంది, విండోస్ మాత్రమే 32 బిట్ వేసి ఉంటారు. లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. 2 జీబీతో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. ముందు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. ఇప్పటి బ్రౌజర్, ఇప్పటి సర్టిఫికెట్లు, వారం వారం అప్‌డేట్లు. మీ డాంగిల్ డ్రైవరు కూడా అందులోనే ఉండే అవకాశం ఎక్కువ, సీడీ అక్కర్లేదు.

సులోచన_ఆర్
ఆయన టైపు చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌దే కదా. ఈ వయసులో చేతి అలవాటు లాగేసుకోవడం నాకు ఇష్టం లేదు.

రాత్రిపక్షి
లాగేయమని అనట్లేదు మేడమ్. రెండూ ఉంచమంటున్నాను. సెకండ్ హ్యాండ్ డిస్క్ ఒకటి పెట్టి దాని మీద లైనక్స్. రాసుకోవాలంటే విండోస్, అందులో నెట్ ఆపేసి. చదవాలంటే లైనక్స్, అందులో నెట్. విండోస్ డిస్క్‌ని ముట్టుకోకుండా చేయొచ్చు.

తాళంచెవి
ఇది నాకు నచ్చింది. రాతలు ఉన్న విండోస్‌కి నెట్ అసలు తగలకపోతే నేను చెప్పిన జాగ్రత్తల్లో సగం అవసరమే ఉండదు.

కొత్తదే_మేలు
ఇలా చేస్తే నాకూ అభ్యంతరం లేదు. ర్యామ్ మాత్రం పెంచండి. కొనేముందు పాత ముక్క బయటికి తీసి దాని మీద డీడీఆర్2 అని ఉందో డీడీఆర్3 అని ఉందో చూడండి, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు.

నీలిదీపం
నా ఎక్స్‌పీ గురించి ఎవరైనా? వినైల్ కోసే మెషిన్‌కి తగిలించిన కంప్యూటర్ అది. డిజైన్లు పంపడానికి వైఫై కావాలి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవదు.

వైరురాజు
ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 అయితే డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతి దానంతట దానికి తెలియదు, సర్వీస్ ప్యాక్ 3లో వచ్చింది. అది లేకపోతే పాస్‌వర్డ్ ఎంత కరెక్ట్‌గా కొట్టినా లాభం లేదు. కానీ మీ విషయంలో నెట్ వద్దనే అంటాను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సపోర్ట్ ఆగింది. డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. పని జరిగే మెషిన్ అది, పాడైతే మీ రోజుకూలీ పోతుంది.

నీలిదీపం
సరే అన్నా. నిజం చెప్పాలంటే నడవడానికి బద్ధకం అంతే, పక్క గదే.

బిట్టు_బైటు
@గూటిపిట్ట, ఆ డాంగిల్ ఏం చేస్తున్నారు మరి? ఒకసారి గుచ్చి చూడండి, కొన్ని రకాలు మొదట సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, డ్రైవరు దాని కడుపులోనే ఉంటుంది. పెట్టేటప్పుడు చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చుకోండి. సీపీయూ వెనక గుచ్చితే ఇనప డబ్బా అడ్డుపడి సిగ్నల్ సగం పోతుంది.

వైరురాజు
కేబుల్ ఉండగా డాంగిల్ ఎందుకు? కేబుల్ లాగడం కుదరనివాళ్ళకి ఇంకో దారి: లాన్ రంధ్రం ఉన్న వైఫై ఎక్స్‌టెండర్ గదిలో పెట్టి, దాన్నుంచి చిన్న కేబుల్ సీపీయూకి. గాల్లో నుంచి పట్టేది ఎక్స్‌టెండర్, కంప్యూటర్‌కి అది ఉత్త కేబులే. డ్రైవరు గొడవ ఉండదు, ఎంత పాత మెషిన్ అయినా సరే. మూల పడేసిన పాత రౌటర్‌లో క్లయింట్ మోడ్ ఉంటే దాన్నీ ఇలా వాడొచ్చు.

రాత్రిపక్షి
దీంతో ఏకీభవిస్తున్నాను. డాంగిళ్ళతో లైనక్స్‌లో కూడా కొన్నిసార్లు తలనొప్పి.

గూటిపిట్ట
పది రోజులు అయింది, ఇక్కడికి రాలేకపోయాను. ఒక్కొక్కటే చెప్తాను.

బ్యాటరీ నేనే మార్చాను. మూత తీస్తే లోపల దుమ్ము పొరలు పొరలుగా ఉంది, మెత్తటి బ్రష్‌తో తుడిచాను. యాంటీవైరస్ మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ అవలేదు. ఆ కంపెనీ వాళ్ళదే తొలగించే చిన్న ప్రోగ్రాం ఉంటే ల్యాప్‌టాప్‌లో దించి, సేఫ్ మోడ్‌లో నడిపాను. శుభ్రంగా పోయింది. ర్యామ్ డీడీఆర్3, ఇంకో 2 జీబీ దొరికింది. రెండో డిస్క్ మీద మింట్ వేశాను, వేసేటప్పుడు విండోస్ డిస్క్ వైరు పీకి ఉంచాను, పొరపాటున దాన్ని తుడిచేయకుండా. విండోస్‌లో లాన్ డిసేబుల్ చేశాను.

నాన్నగారు లైనక్స్ చూసి ఏమంటారో అని టెన్షన్ పడ్డాను. ఆయన ఒకే మాట అడిగారు, "అక్షరాలు ఇంకా పెద్దవి అవుతాయా?" అని. కంట్రోల్, ప్లస్ నొక్కడం చూపించాను. గంటన్నర కదలకుండా చదివారు. నిన్న బాబాయికి మొదటి మెయిల్ రాశారు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక కొత్త కాబట్టి నాలుగు వరసలకి నలభై నిమిషాలు పట్టింది, నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. మొదటి వరసలో తేదీ, వారం టైపు చేశారు. మెయిల్‌లో తేదీ దానంతట అదే వస్తుంది నాన్నా అన్నాను. "ఉండనీ" అన్నారు.

సులోచన_ఆర్
ఉండనివ్వండి.

రాత్రిపక్షి
డిస్క్ వైరు పీకి ఇన్‌స్టాల్ చేశారు చూడండి, ఇది ఇక్కడ చదివే అందరూ రాసిపెట్టుకోవాలి. ఒక అనుమానం, రెండు డిస్కుల మధ్య ఎలా మారుతున్నారు?

గూటిపిట్ట
ఆన్ చేశాక ఎఫ్12 నొక్కితే ఏ డిస్క్ కావాలో అడుగుతుంది. ఏమీ నొక్కకపోతే విండోస్. ఈ ఉదయం గోడ స్విచ్ ఆపి వేసి చూశాను, తేదీ అలాగే ఉంది, ఎఫ్1 అడగలేదు. నాన్నగారు మాత్రం వేలు ఎఫ్1 మీద పెట్టి ఎదురుచూస్తున్నారు. ఎఫ్12 చివర్న ఉంటుంది నాన్నా అంటే కీబోర్డు మీద చిన్న ఎర్ర చుక్క అంటించమన్నారు. అంటించాను.

వైరురాజు
కేబుల్ గది గుమ్మం మీదుగా నేల మీద వదిలేశారేమో, ఆయన కాలికి తగులుతుంది. గోడ అంచు వెంబడి క్లిప్పులు కొట్టి, గుమ్మం పైనుంచి తిప్పండి. ఎక్కడా మరీ వంచొద్దు. పొడవు 100 మీటర్ల లోపు ఎంతైనా ఫర్వాలేదు.

గూటిపిట్ట
నేల మీదే ఉంది. ఈ ఆదివారం కొట్టేస్తాను.